ఉప్పంగడి దగ్గర నేస్తం

అతని పేరు రాయను. మరిచిపోయి కాదు. ఒకసారి నోటితో అన్నాను, ఆ అన్నదే ఎక్కువ.

మొన్న పొద్దున షికారుకు వెళ్తుంటే మునిసిపాలిటీ వాళ్ళు కొట్టిన వేపకొమ్మ ఒకటి దారికి అడ్డంగా పడి ఉంది. నేను ఆగిపోయాను. వెనకే వస్తున్న స్నేహితుడు, నాలాగే పెన్షను పుచ్చుకుంటున్న మేష్టారు, "ఏమిటండీ, కొమ్మకి దణ్ణం పెడుతున్నారా?" అని నవ్వి దాన్ని దాటుకుంటూ వెళ్ళిపోయాడు. నేను వెనక్కి తిరిగి రెండు వీధులు చుట్టి ఇంటికి చేరాను. మేష్టారు చెప్పగా విని, ఈ వయసులో ఈ చాదస్తమేమిటని మా ఆవిడ అడిగింది. చెప్పలేదు. చెప్పాలంటే మొత్తం చెప్పాలి. మొత్తం చెప్పడానికి నాకు ఇన్నాళ్ళూ ముఖం చెల్లలేదు.

కొండదారి రెండుగా చీలిన చోట, వెళ్ళకూడని దారికి అడ్డంగా పచ్చికొమ్మ వేసి దాని మీద ఒక రాయి పెడతారు. వెనక వచ్చేవాడు అది చూసి రెండో దారి పడతాడు. ఇది నాకు నేర్పినవాడు అరకు లోయలో ఒక కొండవూరి కుర్రాడు. నాకన్నా ఏడాదో రెండేళ్ళో పెద్ద. ఎంత పెద్దో అతనికీ తెలీదు, వాళ్ళమ్మకీ తెలీదు. "పెద్దవాన కురిసిన యేడు పుట్టినాడు" అనేది ఆవిడ. ఆ కొండల్లో ఏ ఏడు వాన చిన్నది?

మాది శృంగవరపుకోట. మా నాన్న ఉప్పూ ఎండుచేపలూ ఎద్దుల మీద కొండకెక్కించి సంతలో అమ్మి, పసుపూ చింతపండూ దింపుకునేవాడు. అప్పటికి కొండ మీదికి రైలు లేదు, బస్సు లేదు. సంతలో మా ఉప్పంగడి ఎప్పుడూ ఒకే చోట ఉండేది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఎవరిని కలుసుకోవాలన్నా, పెళ్ళి మాటలు మాట్లాడుకోవాలన్నా అక్కడికే వచ్చి నిలబడేవారు. ఉప్పు కొనకుండా ఇంటికెళ్ళే మనిషి ఉండడు కదా.

కొండవాళ్ళలో నేస్తం కట్టడమని ఒకటుంది. ఇద్దరు పిల్లల్ని ఊరి దేవత రాయి ముందు నిలబెట్టి, నుదుట పసుపు బియ్యం అద్ది, ఒకరి గుడ్డ ఇంకొకరికి కప్పుతారు. అక్కడితో వాళ్ళు అన్నదమ్ముల కన్నా ఎక్కువ. ఒకరి తల్లి ఇంకొకరికీ తల్లే. కొత్తల పండక్కి కొత్త సామలు వండుకునే ముందు నేస్తం వాటా తీసి పక్కన పెట్టాలి. ఒకరు పోతే రెండోవారు కొత్త గుడ్డ పట్టుకు రావాలి. అన్నిటికన్నా గట్టి కట్టుబాటు, ఒకరి పేరు ఒకరు పలకకూడదు. ఎక్కడున్నా "నేస్తం" అనే పిలవాలి. పేరు పలికితే కట్టు తెగిపోతుంది. తెంపినవాడు ఊరందరి ముందూ నిలబడి తప్పు ఒప్పుకోవాలి, మేకపోతునిచ్చుకోవాలి.

నా తొమ్మిదో ఏట నన్ను అతనికి నేస్తం కట్టించింది మా నాన్న. ప్రేమ పొంగి కాదు. వాళ్ళ ఊరి పసుపు మంచి రంగు, అది మరో వర్తకుడి ఎద్దులెక్కకూడదని. ఈ సంగతి నాకు ఆ రోజే తెలుసు. అతనికి ఎప్పటికీ తెలియలేదు.

అతను ఏ వస్తువునైనా ముందు వాసన చూసేవాడు. నా వాచకం పట్టుకెళ్ళి చూపిస్తే ముక్కుకి ఆనించుకుని, "సింతసిగురు వాసనేత్తన్నాది" అన్నాడు. సబ్బుబిళ్ళ ఇస్తే పొడవుగా గాలి పీల్చి నాకే తిరిగి ఇచ్చేశాడు. "దీంతో తానమాడితే మనమెక్కడున్నామో పులికి బేగి తెలిసిపోతాది నేస్తం." చుట్ట నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చేవాడు, వాళ్ళమ్మ కూడా అంతే. ఏ ఊరెంత దూరమంటే చుట్టల్లో చెప్పేవాడు. నవ్వొస్తే అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకునేవాడు, ముందు పన్ను విరిగిందని సిగ్గు. ఆ పన్ను నా మూలంగానే విరిగింది. చింతచెట్టు మీంచి నేను జారితే కింద పట్టుకోబోయాడు, నా మోకాలు తగిలింది. నేను తొందరపడ్డప్పుడల్లా ఒకటే మాట అనేవాడు. "కొండెక్కడికి పోతాది?"

మా నాన్న చూడకుండా వాళ్ళింట్లో అంబలి తాగేవాణ్ణి. వాళ్ళమ్మ ముంత నిండా పోసి, తాగుతుంటే నా గొంతుకేసే చూస్తూ కూర్చునేది.

ఒక చలికాలం పొద్దున ఎద్దు ఒకటి తాడు తెంపుకుంటే దాని వెంట పరిగెత్తి మంచులో తప్పిపోయాను. అరకు మంచు చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, చాచిన చెయ్యి చివర వేళ్ళు కనపడవు. మా నాన్నా ఎద్దులవాళ్ళూ నా పేరు పెట్టి అరుస్తున్నారు. ఆ అరుపులు అన్ని కొండల నుంచీ వస్తున్నాయి, ఎటు వెళ్ళాలో తెలియక ఏడుస్తూ కూలబడ్డాను. "నేస్తం, నేస్తం" అని ఒక్క గొంతు మాత్రం ఆగకుండా దగ్గరవుతూ వచ్చింది. నన్ను చేరేసరికి ఆ గొంతు బొంగురుపోయింది. "పేరు పెట్టి పిలవ్వేంరా, బేగి పలికేవాడు కదా!" అని మా నాన్న కసిరాడు. అతను నేల చూస్తూ అన్నాడు. "పేరెట్టి పిలిత్తే గుంటడు దొరుకుతాడు గానీ నేస్తం పోతాడు కదేటి?"

పద్దెనిమిదేళ్ళొచ్చాక నన్ను రంగూన్ కాలేజీకి పంపించారు. మా మేనమామ అక్కడ బియ్యం మిల్లులో గుమాస్తా. మా వైపు రంగూన్‌ని రంగం అంటారు. చెప్పి వెళ్దామని కొండకెక్కితే అతను పసుపు తవ్వుతున్నాడు.

"రంగం ఎన్ని సుట్టల దూరం?"

"ఓడలో నాలుగు రోజులు. సముద్రం మీద చుట్టలు లెక్కపెట్టలేవు నేస్తం."

"అయితే అవనీ. రంగమెక్కడికి పోతాది? నానూ వత్తాను."

నవ్వేశాను. కొండ దిగినప్పుడు ఆ మాటా అక్కడే దింపేసి వచ్చాను.

రంగూన్లో కూలి పని చేసే మనవాళ్ళని కోరంగీలనేవారు. ఆ మాట అనేటప్పుడు మూతి ఒక రకంగా తిప్పేవారు. నా హాస్టల్లో ఉన్నవాళ్ళంతా వకీళ్ళ కొడుకులు, తాసిల్దార్ల కొడుకులు. మా నాన్న సంతలో ఉప్పు అమ్ముతాడని చెప్పడానికి నోరు రాలేదు. కొండ మీద మాకు జమీ ఉందని చెప్పాను. ఆ అబద్ధం పాఠం చెప్పే దొర దాకా పాకింది. దొర మంచివాడు. ఎక్కడ కనిపించినా ఆపి, "మీ జమీలో పులులెన్ని?" అని అడిగేవాడు. నేను ఏదో ఒకటి కల్పించి చెప్పేవాణ్ణి. ఒక్కోసారి పులి పిల్లల్ని కూడా పెట్టించేవాణ్ణి.

రెండో ఏడు ఏదో బర్మా పండగ వచ్చి కాలేజీకి సెలవిచ్చారు. ఎప్పుడూ వెంట ఉండే మామయ్య ఆ రోజు జ్వరంతో పడుకున్నాడు. అంత పెద్ద పట్నంలో ఒక్కణ్ణీ తిరగడం అదే మొదటిసారి. కొత్త కోటు తొడుక్కున్నాను, హ్యాటు పెట్టాను, అరువు తెచ్చుకున్న చేతికర్ర పట్టుకున్నాను. ట్రామెక్కి ఈ కొస నుంచి ఆ కొస దాకా వెళ్ళి, దిగకుండా మళ్ళీ ఎక్కిన చోటికే వచ్చాను. బంగారు గోపురం దగ్గర బూట్లు విప్పమన్నారు. విప్పడం తేలికే, మళ్ళీ తాళ్ళు కట్టుకోవడానికి అరగంట పట్టింది, మెట్ల మీద పూలమ్మే ఆడవాళ్ళంతా చుట్టలు కాలుస్తూ నా తిప్పలు చూశారు. పెద్ద చెరువు గట్టున కాసేపు కూర్చున్నాను. దొరల దుకాణాల వీధిలో నడుస్తుంటే ఎదురుగా హ్యాటు పెట్టుకున్న పెద్దమనిషి వస్తున్నాడని పక్కకి తప్పుకున్నాను. తీరా చూస్తే దుకాణం అద్దంలో నేనే. ఎంత సంతోషం వేసిందో! ఆ రోజు మధ్యాహ్నం వరకూ నా అంతవాడు రంగూన్లో లేడు.

ఆ వీధి దాటాక, నాలుగు దారులు కలిసే చోట, ఒక సందు మొగలో పచ్చికొమ్మ పడి ఉంది. దాని మీద రాయి. నాకు నవ్వొచ్చింది. ఏ పిల్లలో ఆడుకుని వదిలేసి ఉంటారనుకున్నాను. రెండో మలుపులో మరో కొమ్మ, మరో రాయి. ఇక నవ్వు రాలేదు. కొమ్మ లేని దారి పట్టి నడిచాను. మూడో కొమ్మ దాటేసరికి ఒక పెద్ద బజారు వచ్చింది. ఎండుచేపల వాసన గుప్పున కొట్టింది. ఆ చేపల వరస చివర ఒక ఉప్పు రాశి, ఆ రాశి పక్కన మడమల మీద గొంతుకూర్చుని వచ్చేపోయే మొహాలన్నీ చూస్తున్నాడు అతను.

"నేస్తం!" అని లేచాడు.

నేను కూడా "నేస్తం!" అన్నాను. ఇది నిజం, ఇది మాత్రం రాసుకోనివ్వండి. ఆ క్షణంలో కోటు లేదు, హ్యాటు లేదు. రెండు చేతులూ పట్టేసుకున్నాను.

వచ్చి మూడు నెలలయిందట. ఆ ఏడు పోడు కొట్టుకోనివ్వలేదు, రోడ్డు పనికి వెట్టికి లాక్కుపోతున్నారు. కూలీల్ని పోగేసే మేస్త్రీ ఎవరో రంగం పోదాం రమ్మంటే, అక్కడ నేస్తం ఉన్నాడు కదా అని ఓడెక్కేశాడు. రేవులో బస్తాలు మోస్తున్నాడు. వారానికి ఒక పూట పని ఉండదు. ఆ పూట నన్ను వెతుక్కోవడానికి వచ్చి ఇక్కడ కూర్చుంటున్నాడు.

"ఇంత ఊర్లో ఇక్కడే ఎందుకు కూర్చున్నావు?" అన్నాను.

"ఉప్పుకాడికి రాకుండా ఎవుడుంటాడు?" అన్నాడు.

రంగూన్ కూడా ఒక సంతే అనుకున్నాడు, కాస్త పెద్దది. నేను రానే వచ్చాను కూడా. అతని ఆలోచన తప్పని ఎలా అనను?

దగ్గు వచ్చి ఆగాడు. మనిషి సగమయ్యాడు. నా కోటు అంచు పట్టుకుని వాసన చూశాడు. "నీ వాసన మారిపోనాది నేస్తం" అని అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "నానిక్కడ ఉండలేను. ఇంటికెల్లిపోతాను. ఇంటికెల్లే ఓడేదో సూపించి, నన్ను ఎక్కించమని ఆళ్ళ బాసలో ఓ మాట సెప్పు. నానెంత సెప్పినా ఆళ్ళకి తెలీట్నేదు. ఇక్కడికొచ్చే దారికి కొమ్మలెట్టుకుంటే పొద్దుగూకేసరికి ఊడ్సేత్తన్నారు."

"ఇప్పుడే వెళ్దాం పద" అన్నాను.

"ఉండు, ముందు నీ వాటా" అని మొలలోంచి అడ్డాకుల పొట్లం తీశాడు. కొత్తల పండగ సామలు. కొండ నుంచి మోసుకొచ్చి, మూడు నెలలూ మొలలో దాచాడు. రెండు చేతులతో నాకు చాపాడు.

అప్పుడు వెనక నుంచి నన్నెవరో ఇంగ్లీషులో పిలిచారు. మాకు పాఠం చెప్పే దొర, పక్కన దొరసాని, గొడుగు. నా వంక చూసి, నా ముందు గోచీతో నిలబడ్డ మనిషిని చూసి, దొర మర్యాదగానే అడిగాడు, ఇతనెవరని. ఆ అడగడంలో ఏ వెక్కిరింతా లేదు. నిజం చెప్పి ఉంటే అతనితో కూడా చెయ్యి కలిపేవాడేమో. నాకు మాత్రం మా నాన్న ఉప్పు గోతాలు కనపడ్డాయి, ఇన్నాళ్ళూ కల్పించిన పులులన్నీ ఒక్కసారి కనపడ్డాయి.

"మా జమీ కూలీ" అన్నాను ఇంగ్లీషులో.

అక్కడితో ఆగి ఉంటే అతనికి ఆ మాట అర్థమయ్యేది కాదు. కానీ జమీందారు కొడుకు కూలీతో ఎలా మాట్లాడతాడో దొరకి చూపించాలనిపించింది. అతని వైపు తిరిగి, "ఒరే" అని, పేరు పెట్టి పిలిచి, "దారికి అడ్డం లే, నీ పనికి నువ్వు పో" అన్నాను.

పదేళ్ళ పైన పలకని పేరు. ఎంత సులువుగా వచ్చిందో నోట్లోంచి.

చాచిన చేతులు అలాగే ఉండిపోయాయి. కాసేపటికి ఒక చెయ్యి తీసి అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. నవ్వుతున్నాడనుకున్నాను, నవ్వడం లేదు. ఆ పైన తలగుడ్డ విప్పి చంకలో పెట్టుకుని, నడుం వంచి, "సిత్తం బాబూ" అన్నాడు. ఎప్పుడూ నన్ను బాబూ అనలేదు.

"ఇంత దూరం వచ్చినా మీవాళ్ళకి మీ మీద ఎంత గౌరవం!" అంది దొరసాని. వాళ్ళు నన్ను టీకి తీసుకెళ్ళారు. కేకు పెట్టారు. తిన్నాను. బాగుంది కూడా, ఆ రుచి ఇప్పటికీ గుర్తుంది. అందుకే సిగ్గు. గొంతు దిగలేదని రాస్తే నాకే కాస్త మర్యాదగా ఉండేది, కానీ దిగింది. ఆ పూట ఇంకో రెండు పులుల కథలు చెప్పి, ఆ బజారు మీదుగా పోకుండా వేరే ట్రాములో హాస్టలుకి వచ్చాను.

తర్వాతి వారం ఉప్పు రాశి దగ్గరికి వెళ్ళాను. ఆ పై వారమూ వెళ్ళాను. అతను లేడు, కొమ్మలూ లేవు. రేవుకి వెళ్ళి కూలీల కొట్టాల్లో అడిగితే దొరికేవాడే. కాలేజీ కుర్రాడు అక్కడికెలా వెళ్తాడని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. అసలు సంగతి, దొరుకుతాడని భయం. దొరికితే ఏమని పిలవాలి?

రెండేళ్ళ తర్వాత చదువు ముగించుకుని ఇంటికొచ్చాను. కాళ్ళు కడుక్కుంటుండగానే మా నాన్న చెప్పాడు. "నీ నేస్తం పోయాడటరా. రంగం నుంచి ఏడాది కిందట దగ్గుతో దిగాడు, మళ్ళీ మనిషి కాలేదు. కొత్త గుడ్డ పట్టుకెళ్ళి పెద్దరికంగా కనపడి రా. పసుపు దింపే రోజులు కూడాను."

అతను నన్ను అడిగిన రోజుకీ ఇంటికి చేరిన రోజుకీ మధ్య ఇంకో ఏడాది బస్తాలు మోశాడన్న మాట. కొండెక్కుతున్నంత సేపూ ఆ ఏడాది నాతోనే ఎక్కింది. ఊరికి చీలే చోట దారి ఖాళీగా ఉంది. కొమ్మ అడ్డం ఉంటే తిరిగి వెళ్ళిపోదామనుకున్నాను.

ఊరి పెద్దా, పది పన్నెండు మంది మగవాళ్ళూ వాళ్ళింటి ముందు కూర్చుని ఉన్నారు, నేను వస్తానని కబురందింది. అతని తల్లి గుమ్మంలో ఉంది. నేను గుడ్డ ఇచ్చాను. ఆవిడ నా మొహం తడిమి, "సిక్కిపోనావు కొడకా" అంది. ఊరి పెద్ద గొంతు సవరించుకున్నాడు.

"బాబూ, ఓ మాట. ఆడు తప్పు సేసినాడు. దాసుకోనేదు, వొచ్చిన నాడే ఊరి ముందర నిలబడి ఆడే సెప్పినాడు."

"ఏం చెప్పాడు?" అన్నాను.

"రంగంలో ఉప్పుకాడ నువ్వు కనపడ్డావంట. సంబరంలో నోరు జారీసి, నిన్ను పేరెట్టి పిలిసీసినాడంట. కట్టు తెంపినాను, తప్పు నాదేనన్నాడు. ఈ ముసిల్దానికున్న మేకపోతు ఒక్కటే, అది ఇచ్చుకున్నాడు. మేం ఆ తప్పు ఒగ్గీసినాం. కానీ నీ నోట రావాల కదా? నువ్వు ఒగ్గనిదే ఆడు పైనున్న పెద్దలకాడికి ఎల్లలేడు. ఆ తల్లికి నిద్దర నేదు."

అందరూ నా నోటి వంక చూస్తున్నారు. నిజం నాలుక మీద ఉంది. చెబితే అతని మీద పడ్డ తప్పు పోతుంది, అతను ఊరి ముందు తలెత్తుకుంటాడు. చెబితే మా నాన్నకి ఆ ఊరి పసుపు పోతుంది, ఈవిడ నా మొహం మళ్ళీ తడమదు. కోపంతో మాట్లాడటం లేదనుకుంది కాబోలు, ఆవిడ లోపలికెళ్ళి అడ్డాకుల పొట్లం తెచ్చింది. ఆకులు నల్లబడి, నార ఊడిపోయి ఉంది. లోపల సామలు పురుగు పట్టి పొడయ్యాయి.

"నీ వాటా కొడకా. నేస్తం కనపడ్డాడు గానీ, సంబరంలో ఇవ్వడం మరిసిపోనానన్నాడు. ఎవులినీ ముట్టనిచ్చీవోడు కాదు. కోపమెట్టుకోకు. ఆడికి నువ్వంటే..." అని ఆగిపోయింది.

పొట్లం రెండు చేతులా పుచ్చుకున్నాను.

"ఒగ్గీసినానమ్మా" అన్నాను.

కూర్చున్నవాళ్ళంతా ఊపిరి వదిలారు. ఎవరో చుట్ట వెలిగించారు. ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని, "నువ్వు మంచోడివి కొడకా, ఇంక ఆడు ఎల్తాడు" అని లోపలికెళ్ళి ముంత నిండా అంబలి తెచ్చి, నా ఎదురుగా కూర్చుని, చిన్నప్పటిలాగే నా గొంతుకేసి చూసింది. తాగాను. ఇంకో ముంత పోసింది. అదీ తాగాను.